జూడీ సాక్ష్యం

ఆగస్టు 11, ఆదివారం

ఇవాళ జూడీ మూలంగా అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

సండేస్కూలు పిల్లలకి ఆటలపోటీలు పెట్టారు, ఖుర్సీపార్‌లో మా చర్చి వెనకున్న ఖాళీ స్థలంలో. అయిదేళ్ళ పిల్లల పరుగుపందెంలో నా మనవరాలు సగం దూరం బాగానే పరుగెత్తింది. ఉన్నట్టుండి ఆగిపోయి, రెండు మోకాళ్ళూ గుండెకి హత్తుకుని, తల వంచుకుని గొంతుక్కూర్చుంది. లెమ్మంటే లేవదు. తక్కిన పిల్లలు దాన్ని తప్పుకుంటూ వెళ్ళిపోయారు. మార్తమ్మ మనవడు ఫస్టు వచ్చాడు. వాడికి చీమిడి తుడుచుకోవడం రాదుగానీ ఫస్టు మాత్రం వచ్చాడు.

దగ్గరికెళ్ళి చూస్తే పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. నేను చెయ్యి పట్టి లాగేసరికి పక్కకి ఒరిగిపోయింది. కుముదిని జనాన్ని తోసుకుంటూ వచ్చి కూతుర్ని ఎత్తుకుని హిందీలో ఒకటే కేకలు. నా కోడలికి సంతోషమొస్తే తెలుగు, భయమొస్తే హిందీ. బాప్తిస్మం అప్పుడు పేరు మార్చుకోమన్నాను, అదీ మార్చుకోలేదు. మార్తమ్మ నీళ్ళు తెచ్చి చల్లింది. స్త్రీల సమాజానికి నేను ప్రెసిడెంటుని, ఆవిడ సెక్రటరీ. నీళ్ళు చల్లుతూ నావైపు జాలిగా చూసింది. ఆ చూపు నాకు జన్మలో అరగదు.

కాసేపటికి పిల్ల లేచి బిస్కెట్ తింది. అంతే. దీనికి ఇంత గోల.

ఆగస్టు 13

మా అబ్బాయి డేవిడ్‌రాజ్ నైట్ షిఫ్టు దిగి, పడుకోకుండా పిల్లని స్టీలు ప్లాంటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. నేను లేకపోతే మొగుడూ పెళ్ళాం డాక్టరు చెప్పింది సగమే విని వస్తారు. పిల్లల డాక్టరమ్మ చాలాసేపు విన్నది. గుండెలో ఉండకూడని చప్పుడు ఉందంది. రాయపూర్‌లో గుండె స్పెషలిస్టుకి చూపించాలని తనే ఫోన్ చేసి 28వ తేదీ ఇప్పించింది. అంతవరకూ పరుగులూ గెంతులూ వద్దంది.

రాయపూర్ వాళ్ళకి నా ఫోన్ నంబరు ఇచ్చాం. రైల్ మిల్లులో ఉన్నంతసేపూ డేవిడ్ ఫోన్ తియ్యలేడు. స్మృతి నగర్‌లో కుముదిని పనిచేసే కోచింగ్ సెంటర్లో ఫోన్ ముట్టనివ్వరు. ఇంట్లో ఉండేది రిటైరైన టీచర్ని నేనొక్కదాన్నేగా.

ఆటోలో కుముదిని చున్నీ నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. ఏడవడం దానికి రెండో ఉద్యోగం.

నాకూ భయం వేసింది. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది. జూడీ నా ఒళ్ళో నిద్రపోయింది, దాని గుండె నా అరచేతికి తగులుతూనే ఉంది. మా ఆయన సామ్యూల్‌ని ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు కూడా నాకింత భయం లేదు.

ఆగస్టు 17

సెక్టర్ 2లో మా క్వార్టర్లోనే ఉపవాస ప్రార్థన పెట్టాం. సమాజం ఆడవాళ్ళంతా వచ్చారు. జూడీ తల మీద చేతులుంచి ప్రార్థన చేశాం. నేను ఏడ్చాను. మార్తమ్మ కూడా ఏడ్చింది, నాకంటే గట్టిగా.

ఆగస్టు 22

జూడీ చక్కగా ఉంది. బడికి పంపడం లేదు, కదలనివ్వడం లేదు, పొద్దస్తమానం టీవీ ముందే. బుగ్గలకి రంగొచ్చింది. ఒక్కసారి కూడా పెదాలు నల్లబడలేదు. దేవుడు విన్నాడు. విన్నాడని నాకు లోపల తెలుస్తోంది.

ఆగస్టు 25, ఆదివారం

ఇవాళ సాక్ష్యం చెప్పాను.

చెప్పాలనుకుని వెళ్ళలేదు. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ మార్తమ్మ మళ్ళీ లేచి కిడ్నీలో రాయి కరిగిపోయిన సంగతి ఎత్తుకుంది. మూడేళ్ళుగా అదే రాయి. మొదట శనగగింజంత ఉండేది, ఇవాళ్టికి నిమ్మకాయంత అయింది. ఆవిడ కూర్చోగానే నేను లేచి నిలబడ్డాను. మాటలు వాటంతటవే వచ్చాయి. పిల్ల ప్రాణం పోయినట్టే పడిపోయిందని, డాక్టర్లు చేతులెత్తేశారని, ఉపవాసం ముగిసిన గంటలోనే పెదాల నలుపు విరిగిపోయిందని చెప్పాను. ఇప్పుడు జూడీ గుండెలో ఏ దోషమూ లేదన్నాను. జూడీని బెంచీ మీదకి ఎక్కించి చూపించాను.

ఆ చప్పట్లు! చర్చి కప్పు రేకులు అదిరాయి. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠం చెప్పాను, ఒక్కనాడూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుముదిని కూడా కొట్టింది. కళ్ళు తుడుచుకుంటూ కొట్టింది. ఎంత చదువుకుని ఏం లాభం, దానికీ నమ్మాలనే ఉంది.

ఆరాధనయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "టీచరుగారూ, రాయపూర్ డాక్టరుకి చూపించాక చెప్పి ఉంటే బాగుండేదండి. దేవుడికేం తొందర లేదు కదా" అన్నారు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు. నాకు విశ్వాసం నేర్పుతున్నాడు. బుధవారం రాయపూర్ తప్పకుండా వెళ్ళమన్నారు. అలాగే అన్నాను.

ఆగస్టు 27

రాయపూర్ ఆసుపత్రి నుంచి ఫోన్. రేపు వస్తున్నారా అని అడిగింది ఒక అమ్మాయి.

పాపకి నయమైపోయింది, అక్కర్లేదు అన్నాను. సరే మేడమ్, కొట్టేస్తున్నాను, అంది. ఎంత తేలిక.

ఆగస్టు 28

డాక్టరు సెలవులో ఉన్నాడట, మళ్ళీ ఎప్పుడు రావాలో ఫోన్ చేస్తారట, అని డేవిడ్‌కి చెప్పాను. ఇది అబద్ధమని నేననుకోవడం లేదు. డాక్టరన్నాక ఎప్పుడో ఒకప్పుడు సెలవులో ఉండకపోడు. తీరా ఆ డాక్టరు చూసి ఇంకా చప్పుడుందంటే? నేను చర్చి మధ్యలో నిలబడి చెప్పిన మాట ఏం కావాలి? నా సంగతి సరే, విన్నవాళ్ళ విశ్వాసం ఏం కావాలి? ఒక పసిదాన్ని రైలెక్కించి తీసుకెళ్ళి ఇంతమందిని పడగొట్టాలా?

డేవిడ్ "సర్లే" అని పడుకున్నాడు. సెలవు పెట్టి వచ్చినందుకు విసుక్కున్నాడు.

సెప్టెంబరు 5

మా వెనక వీధిలో గృహకూటం జరిగింది. ఈ మధ్య వారం మధ్యలో ఏ ఇంట్లో కూటం పెట్టినా నన్నూ జూడీనీ పిలుస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్ళే వస్తారు. కుముదిని ఇంకా కోచింగ్ సెంటర్లోనే ఉంటుంది.

సాక్ష్యమయ్యాక ఇంటావిడ అంది, "పాప పరుగెడతాదా టీచరుగారూ ఇప్పుడు?" మార్తమ్మ అక్కడే ఉంది. ఆ ప్రశ్న వేయించింది తనేనని నాకనుమానం. "ఎందుకు పరుగెట్టదు?" అన్నాను. జూడీని గేటు దగ్గర నిలబెట్టి, రమ్మని చెయ్యి ఊపాను. రివ్వున వచ్చింది. గుమ్మం దాటి, అందరి మధ్యా ఆగి, మోకాళ్ళు గుండెకానించుకుని తల వంచుకుని కూర్చుండిపోయింది.

ఆటల రోజు గుర్తొచ్చింది. ఇంతలో ఆ ఇంటి ముసలావిడ గట్టిగా, "స్తోత్రం! సూడండర్రా, పసిగుడ్డు ఎలా మోకరించినాదో! ఎవులు నేర్పినారే తల్లీ నీకు!" అని ఏడుపందుకుంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ మోకాళ్ళూనారు. మార్తమ్మ కూడా ఊనక తప్పలేదు.

అది మోకరించడమే. నేను సరిగా చూడలేదు, అంతే. జూడీ లేచాక చాక్లెట్ ఇచ్చారు.

సెప్టెంబరు 12

మళ్ళీ పిలిచారు. మళ్ళీ పరుగెత్తింది, మళ్ళీ మోకరించింది. నేను నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు. అదే చెప్పాను అందరికీ.

సెప్టెంబరు 19

కూటానికి బయల్దేరుతుంటే జూడీ చెప్పులేసుకోకుండా నిలబడింది. "నానమ్మా, ఆజ్ దౌడ్‌నా నహీ" అంది. తెలుగులో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, "పరుగు వద్దు. థక్ జాతీ హూఁ" అంది. అలసట అనే మాట దానికి తెలుగులో రాదు. నేనే నేర్పాను, అలసిపోతున్నాను అనాలి అని. బుద్ధిగా అంది, "అలసిపోతున్నాను."

అప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాను. దేవుడు నీకు జబ్బు తీసేశాడు కదా, అలసిపోయానంటే దేవుడిచ్చింది వద్దన్నట్టు. అప్పుడాయన, అయితే నీ జబ్బు నువ్వే ఉంచుకో అని తిరిగి ఇచ్చేస్తాడు. అందుకని ఎవరితోనూ అనకూడదు. అమ్మతో అసలు అనకూడదు. జూడీ కళ్ళింత చేసుకుని విన్నది. "ఎవరికీ నై చెప్తాను" అంది. పిల్లలకి విశ్వాసం ఇలాగే, చిన్నప్పుడే ఒంటబట్టించాలి.

తర్వాత చెప్పులేసుకుంది.

సెప్టెంబరు 26

ఇవాళ రెండిళ్ళలో. రెండో ఇంట్లో లేవడానికి ఆలస్యం చేసింది. ప్రార్థన పెద్దదైంది, అందరికీ బాగుంది.

అక్టోబరు 2

నవంబరులో ఖుర్సీపార్‌లో మూడు రోజుల సువార్త సభలు. మొదటి రోజు స్వస్థత సాక్ష్యాలట. నోటీసులో నా పేరు వేశారు, "లూసీ టీచరుగారు, మనవరాలితో" అని. మార్తమ్మ పేరు లేదు. నోటీసు పంచాల్సింది మాత్రం మార్తమ్మే.

అక్టోబరు 7

చెప్పేసింది.

స్నానం చేయిస్తుంటే పెదాలు మళ్ళీ నల్లగా ఉన్నాయని కుముదిని అడిగిందట. గుచ్చి గుచ్చి అడిగిందట. జూడీ మొదట ఏమీ లేదందిట. తర్వాత వాళ్ళమ్మ చెవిలో చెప్పిందిట, అలసిపోతున్నానని. అప్పటికప్పుడు కుముదిని రాయపూర్ ఫోన్ చేసింది.

వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "అత్తా, ఏటి చేసారు మీరు? డాక్టరు సెలవు నేదు, ఏమీ నేదు. మీ ఇంటి నుంచే వద్దన్నారు కదా మేడమ్ అంటంది ఫోన్లో ఆ పిల్ల. ఎందుకలా చెప్పారు?"

నేను పప్పు తిరగమోత పెడుతున్నాను. పెడుతూనే ఉన్నాను.

"నా కూతురండీ అది" అంది. ఏడవలేదు. మొదటిసారి దాని గొంతులో ఏడుపు లేకుండా విన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కొడుకు కూతురు కాదా? పొద్దున్నుంచి రాత్రిదాకా ఎత్తుకుని తిరిగేది ఎవరు?

డేవిడ్ షిఫ్టు నుంచి వచ్చి విన్నాడు. నావైపు చూసి, "అమ్మా..." అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, వాక్యం పూర్తి చేయడు.

అక్టోబరు 9

జూడీతో మాట్లాడటం మానేశాను. పిల్లకి తెలియాలి, మాటిచ్చి తప్పితే ఎలా ఉంటుందో. ఇవాళ పొద్దున నా మంచం దగ్గరికొచ్చి బొమ్మ ఇచ్చి నిలబడింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

అక్టోబరు 10

మాట్లాడాను. జూడీ అన్నం తినడం లేదని డేవిడ్ వచ్చి బతిమాలాడు.

అక్టోబరు 16

రాయపూర్ వెళ్ళి వచ్చాం. నన్ను రావద్దంది కుముదిని. నేను కారులో ముందు సీట్లో కూర్చున్నాను, ఎవరూ దింపలేకపోయారు.

గుండె స్పెషలిస్టు సన్నగా, పొట్టిగా ఉన్నాడు. బల్ల మీద రబ్బరు జిరాఫీ. పిల్లలు చూసి ఆడుకుంటారని కాబోలు. జూడీ దాన్ని ముట్టుకోలేదు. వేలికి ఏదో క్లిప్పు పెట్టి అంకె చూశాడు. మళ్ళీ తీసి పెట్టి చూశాడు. జూడీని హిందీలో అడిగాడు, పరుగెత్తితే ఊపిరాడదా బేటా, అని.

"నై" అంది జూడీ.

అలసటగా ఉంటుందా?

"నై. మై ఠీక్ హో గయీ." నాకు నయమైపోయింది, అని నా మొహం చూసింది. డాక్టరు మొహం కాదు. నేను తలూపాను. కుముదిని మా ఇద్దర్నీ చూసింది.

డాక్టరు లేచాడు. జూడీ చెయ్యి పట్టుకుని బయట వరండాలో అటూ ఇటూ నడిపించాడు. ఆటలాగా కాస్త జోరుగా. రెండో సారి తిరిగి వస్తుండగా జూడీ చెయ్యి విడిపించుకుని, గోడ పక్కన మోకాళ్ళు ముడుచుకుని తల వంచి కూర్చుంది. ఆయన కూడా నేల మీద దాని ఎదురుగా కూర్చున్నాడు.

"యే క్యా కర్ రహీ హో, బేటా?" ఇదేం చేస్తున్నావు, అని.

"ప్రేయర్" అంది జూడీ. ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ అంది, "సబ్ తాలీ బజాతే హైఁ." అందరూ చప్పట్లు కొడతారు, అని.

వరండాలో బోలెడంతమంది ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జూడీ తలెత్తి చుట్టూ చూసింది.

గదిలోకొచ్చాక డాక్టరు చెప్పాడు. గుండెలో రంధ్రం ఉంది, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి ఇరుకుగా ఉంది. పుట్టుకతోనే. ఊపిరాడనప్పుడు అలా మోకాళ్ళు ముడుచుకుంటే ఊపిరితిత్తులకి కాస్త ఎక్కువ రక్తం అందుతుంది, ఈ జబ్బున్న పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ ఉపాయం కనుక్కుంటారు. అలా కూర్చుందంటే ప్రాణం కోసం పోరాడుతోందని అర్థం. ఆపరేషన్ చేస్తే బాగవుతుంది, మామూలు పిల్లల్లా పెరుగుతుంది. అంతవరకూ మెట్లు కూడా ఎత్తుకునే ఎక్కించండి, అన్నాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "దీన్ని ఎన్నిసార్లు పరుగెత్తించారు?"

డేవిడ్, కుముదిని నన్ను చూశారు. నేను జిరాఫీని చూశాను.

నవంబరు 20న ఆపరేషన్. తిరిగొస్తూ, మా ఊరు దాటి దుర్గ్ కూడా దాటబోతున్నామేమో అనుకున్నాను, అంత దూరం అనిపించింది. ఇల్లు వచ్చేసింది.

అక్టోబరు 17

ఎవరూ నేర్పలేదని నేను అందరికీ చెప్పాను. డాక్టరూ అదే అన్నాడు. ఎవరూ చెప్పకుండానే అని.

అక్టోబరు 21

పగలు జూడీని వాళ్ళమ్మమ్మ గున్నమ్మ దగ్గర దింపుతున్నారు, ఖుర్సీపార్‌లో. నా దగ్గర ఉంచరట. కుముదిని ఆ మాట అనలేదు, బ్యాగు సర్దేసింది. గున్నమ్మకి బీపీ మాత్ర వేసుకోవడమే గుర్తుండదు. అటువంటి మనిషి దగ్గర.

ఇల్లు బోసిగా ఉంది. దాని చెప్పులు కూడా లేవు.

అక్టోబరు 30

ఆపరేషన్ సంగతి చర్చిలో ఇంకా చెప్పలేదు. పాస్టరుగారికి డేవిడ్ చెప్పాడేమో తెలియదు. మార్తమ్మ పళ్ళు పట్టుకుని వచ్చి, "ఏటి టీచరుగారూ, పాప ఈమధ్య ఆపడ్డం నేదు?" అంది. కనిపించడం లేదట. అమ్మమ్మ ఇంట్లో ఉందన్నాను. "సభలకి తెస్తారు కదా? నోటీసులో ఏసేసినాం మరి" అంది నవ్వుతూ. ఆ నవ్వుకి ఆవిడని మెట్ల మీంచి తోసేయాలనిపించింది. పళ్ళు తీసుకుని లోపల పెట్టాను.

నవంబరు 6

ఆపరేషన్ అయిపోయిందంటే ఇక ఆ ఘనత డాక్టర్లది. దేవుడికి మిగిలింది ఎల్లుండి సభ ఒక్కటే. ఆ రబ్బరు జిరాఫీ డాక్టరు కత్తి ముట్టకుండానే జూడీ అందరి ముందూ నిలబడితే చాలు. నిలబడితే చాలు, నడవక్కర్లేదు. వెయ్యి మంది ఒక్కసారి ప్రార్థన చేస్తే కత్తి అవసరమే ఉండకపోవచ్చు. ఇది పిల్ల మంచికే.

నవంబరు 9

నేను పరుగెత్తమనలేదు.

నవంబరు 9, సాయంత్రం

నేను పరుగెత్తమనలేదు. డేవిడ్‌కి చెప్పాను, పాస్టరుగారికి చెప్పాను. నేను పరుగెత్తమనలేదు.

నవంబరు 10, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

శుక్రవారం సాయంత్రం గున్నమ్మ ఇంటికి వెళ్ళాను. కుముదిని పంపమంది, తనూ కోచింగ్ సెంటర్ నుంచి నేరుగా సభకే వస్తుంది అని చెప్పాను. "అలాగా, ఉండండి ఒదినగారూ, జడేసి పంపుతాను. నలుగురిలోకెళ్తంది కదా" అని గున్నమ్మ పిల్లకి రెండు జడలేసి, రిబ్బన్లు కట్టి, పౌడరు అద్దింది. నన్ను అనుమానించడం కూడా రాదు దానికి. ఎత్తుకునే తీసుకెళ్ళాను. ఎంత బరువైనా దింపలేదు. ఈ సంగతి ఎవరూ అడగడం లేదు.

వెనక వరసలో కూర్చున్నాం. మైకులో మార్తమ్మ నా పేరు పిలిచింది. జనం తోవ ఇచ్చారు. ఎవరో ఎత్తుకోవడానికి జూడీని నా చేతుల్లోంచి తీసుకున్నారు, తోవలో నేల మీద దింపారు. నేను పక్కనుంచి నడిచి వేదిక ఎక్కాను. అక్కడినుంచి చూస్తే జూడీ తోవకి ఆ చివర ఒక్కతే నిలబడి ఉంది. చప్పట్లు మొదలయ్యాయి. అది నన్ను చూసింది.

చెయ్యి ఊపాను. రమ్మనడానికి ఎవరైనా చెయ్యి ఊపుతారు. మెల్లగా రా అన్నాను కూడా, ఆ గోలలో వినపడలేదు.

రివ్వున వచ్చింది. సగం దూరంలో మోకాళ్ళు ముడుచుకుంది. చప్పట్లు ఇంకా పెరిగాయి. తర్వాత పక్కకి పడిపోయింది. కాళ్ళు కొట్టుకుంటుంటే జనం పరిశుద్ధాత్మ దిగిందనుకున్నారు. చప్పట్లు ఆగలేదు. నాకు తెలుసు, మైకు నా చేతిలో ఉంది, ఆపండని అనలేదు. పాస్టరుగారే వేదిక మీంచి దూకి, పిల్లని ఎత్తి మోకాళ్ళు దాని గుండెకి నొక్కి పట్టుకుని బండి దాకా పరుగెత్తారు. డేవిడ్ ఆయనకి చెప్పాడన్నమాట, అన్నీ చెప్పాడు.

నవంబరు 12

రాయపూర్‌లో ఉన్నాం. స్పృహ వచ్చింది కానీ ఒళ్ళు అదే పనిగా నీలం తిరుగుతోంది. ఇరవై దాకా ఆగడానికి లేదు, రేపు పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. అక్టోబరులో ఉన్న బలం ఇప్పుడు పిల్లలో లేదు, కష్టమే, అని డాక్టరు డేవిడ్‌తో హిందీలో చెప్పాడు. నేనక్కడే ఉన్నాను. నాకు హిందీ రాదనుకున్నట్టు నావైపు చూడలేదు.

నవంబరు 14

జూడీ లేదు.

నవంబరు 24

సమాధి దగ్గర పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. మార్తమ్మ నా భుజం పట్టుకుని కూర్చుంది, ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. డేవిడ్ మట్టి వేసి నేరుగా షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ నేను వండింది తినడం లేదు.

గున్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, "నేనే జడేసి పంపినాను, నేనే పంపినాను" అని అంటోందట. వినీ విననట్టు ఊరుకున్నాను.

డిసెంబరు 3

కుముదిని నన్ను తిట్టడం లేదు. తిడుతుందని, ఇల్లు వదిలి పొమ్మంటుందని చూస్తున్నాను. టీ కూడా ఇస్తోంది. రోజూ ఒక్కటే అడుగుతోంది.

డిసెంబరు 11

ఇవాళా అడిగింది.

ఆపరేషన్ రోజు పొద్దున డేవిడ్, కుముదిని సంతకాలకని కింద ఆఫీసుకి వెళ్ళారు. అనుకున్నదానికంటే ముందే పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చేశారు. జూడీ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. వాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి తలుపులు మూసేశారు.

"అత్తా, లోపలికెళ్ళే ముందు ఏటంది? నా కోసం అడిగిందా?" ఇవాళ నా మంచం పక్కన నేల మీద కూర్చుని అడిగింది. జుట్టు దువ్వుకోవడం లేదు. "చిన్న మాటైనా పర్లేదు. ఏటైనా చెప్పండి."

"నవ్విందమ్మా. అమ్మకి టాటా చెప్పమంది" అన్నాను. రోజూ చెప్పేదే. రోజూ దాన్ని కొత్తగా విన్నట్టు విని, తల నా మంచం పట్టెకి ఆనించుకుంటుంది. ఒకసారి నా చెయ్యి కూడా పట్టుకుంది.

జూడీ నవ్వలేదు. టాటా చెప్పమనలేదు. స్ట్రెచర్ మీద నా వేలు పట్టుకుని, మధ్య మధ్య ఊపిరికి ఆగుతూ, "నానమ్మా, నేను అమ్మకి చెప్పీసాను కదా, అలసిపోతున్నానని. అందుకే దేవుడు జబ్బు మళ్ళీ ఇచ్చీసాడు కదా. సారీ" అంది. మొత్తం తెలుగులోనే అంది.

కాదు తల్లీ అనడానికి టైముంది. నర్సు తలుపు దగ్గర ఇంకా ఏదో చూసుకుంటోంది. ఆ ఒక్క మాటా అనేసి ఉంటే అది నెమ్మదిగా లోపలికి వెళ్ళేది. కానీ కాదంటే, మరి ఎందుకొచ్చింది నానమ్మా, అని అడిగేది. జూడీ అన్నీ అడుగుతుంది.

నుదురు మీద ముద్దు పెట్టుకుని, "ఫర్వాలేదులే, ఇంకెప్పుడూ అలా చేయకు" అన్నాను.